బరువు తగ్గే ఇంజెక్షన్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే ఎవరిని నమ్మాలి?

మిర్యాలగూడ_టీచర్

అందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నాకు 36 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 86 కిలోలు. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు ఎన్ని చేసినా తగ్గలేదు. రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టె తిన్నాను, ఆరు నెలలు పొద్దున్నే నడిచాను, మూడు కిలోలు తగ్గాయి, పండగలు వచ్చేసరికి నాలుగు పెరిగాయి. థైరాయిడ్‌కి రోజూ 75 మాత్ర వేసుకుంటాను. పోయిన నెల మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే 6.1 వచ్చింది. మా ఊరి డాక్టర్ గారు "బోర్డర్‌లో ఉన్నావమ్మా, బరువు తగ్గు" అన్నారు. మా నాన్నగారు షుగర్‌తోనే కిడ్నీలు పాడై నాలుగేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. ఆ కుర్చీ పక్కన కూర్చున్నదాన్ని నేనే. అందుకే 6.1 అనే అంకె చూసినప్పటి నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఎండోక్రైనాలజిస్ట్ దగ్గర వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ వాడి ఆరు నెలల్లో 11 కిలోలు తగ్గింది. నాకేమో ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లడమంటే ఒక రోజు సెలవు పోవాలి, పిల్లల్ని ఎవరికో అప్పగించాలి. అందుకని ఆన్‌లైన్‌లో వెతికాను. రెండు దొరికాయి.

ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వాట్సాప్ చేస్తే ఒకాయన పెట్టిన మెసేజ్. మౌంజారో పెన్, నాలుగు వారాలకు సరిపోతుంది, ఆరు వేలు, దుబాయ్ నుంచి వచ్చిన స్టాకు, డాక్టర్ చీటీ అక్కర్లేదు, ముందే డబ్బు పంపాలి. వాళ్ల దగ్గర తీసుకున్నవాళ్ల ఫోటోలంటూ ఓ ఇరవై పంపాడు.

రెండోది ఒక యాప్. మూడు నెలల ప్యాకేజీ, అందులోనే డాక్టర్, డైటీషియన్, మందు ఇంటికి. చూడ్డానికి పద్ధతిగానే ఉంది, కానీ మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారు. నా రెండు నెలల జీతం అది.

ఇలాంటి వాటిలో ఎవరు నిజం, ఎవరు మోసం అని మామూలు మనిషి ఎలా తెలుసుకోవాలి? ఎవరైనా వాడినవాళ్లు ఉంటే చెప్పండి. దయచేసి "మందులెందుకు, నడవండి చాలు" అని మాత్రం చెప్పకండి, నడిచాను.

గుంటూరు_మందుల_షాపు

అమ్మా, ముందు ఆ వాట్సాప్ ఆయనకి డబ్బు పంపకండి. 22 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను, మందు అసలుదా కాదా అన్నది ఫోటో చూసి నేను కూడా చెప్పలేను, మీరెలా చెప్పగలరు?

లెక్క చూడండి. మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చినప్పుడు అన్నిటికన్నా చిన్న డోసు, అంటే 2.5 మిల్లీగ్రాముల వయల్ (చిన్న మందు సీసా) ఒక్కటి 3,500 రూపాయలు. వారానికొకటి, నెలకు నాలుగు, 14,000. ఇలాంటిదే ఇంకో ఇంజెక్షన్ వెగోవీ 2025 జూన్‌లో వచ్చింది, మొదటి డోసు నెలకు 17,345 ఉండేది, ఆ నవంబర్‌లో 10,850కి దించారు. ఈ ధరలు మారుతూనే ఉంటాయి, పైగా 2026 మార్చితో వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ పేటెంట్ ఇక్కడ అయిపోయింది కాబట్టి మన కంపెనీల పేర్లతో చవకవి కూడా దొరుకుతాయి, వాటిలో తప్పేమీ లేదు. కానీ మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్, ఆ పేటెంట్ వేరు. కంపెనీ పెన్నే సగం కన్నా తక్కువకి ఇస్తున్నానంటే అది దొంగతనంగా వచ్చిందైనా అయి ఉండాలి, ఫ్రిజ్‌లో లేకుండా పడి ఉన్నదైనా అయి ఉండాలి, లోపల వేరే ఏదో నింపిందైనా అయి ఉండాలి. వీటిలో ఏదైనా మీ ఒంట్లోకి వెళ్లేదే.

దుబాయ్ స్టాకు అన్నాడు కదా. బయటి దేశం నుంచి పద్ధతి ప్రకారం వచ్చిన మందు అట్ట మీద ఇంపోర్ట్ లైసెన్స్ నంబర్, ఇక్కడ దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, అడ్రస్, రూపాయల్లో ఎంఆర్‌పీ ఉంటాయి. అవి లేకపోతే ఆ పెట్టెకి ఇక్కడ దిక్కూ మొక్కూ లేదు, రేపు ఏమైనా అయితే ఎవరిని అడుగుతారు?

ఇక యాప్ సంగతి. చాలామందికి తెలియనిది ఇదే. మన దేశంలో ఆన్‌లైన్ ఫార్మసీలకని 2018లో ముసాయిదా రూల్స్ పెట్టారు, అవి అలాగే ఉండిపోయాయి. కాబట్టి "మాకు ఆన్‌లైన్ ఫార్మసీ లైసెన్స్ ఉంది" అని ఎవరైనా చెప్తే ఆ మాటకి విలువ లేదు. యాప్ వెనకాల నిజంగా మందు తీసి ప్యాక్ చేసి పంపే షాపు ఒకటి ఎక్కడో ఉంటుంది. మాలాగే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ దగ్గర ఫారం 20, 21 లైసెన్సులు తీసుకుని, ఒక ఫార్మసిస్ట్‌ని పెట్టుకుని నడిపే షాపు. ఆ షాపు పేరేంటి, ఏ ఊరు, లైసెన్స్ నంబర్ ఎంత, ఇవి అడగండి. నిజమైనవాళ్లకి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు, ఎందుకంటే బిల్లు మీద ఎలాగూ వేయాలి. బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబర్ అన్నీ ఉండాలి. పెట్టె వచ్చాక బిల్లు మీద బ్యాచ్ నంబరూ, అట్ట మీద నంబరూ, లోపల పెన్ మీద నంబరూ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకటే ఉండాలి. ఒక్క అంకె తేడా ఉన్నా వాడొద్దు.

చల్లదనం గురించి కూడా చెప్పాలి, ఈ మందులకి అదే ప్రాణం. తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మాకు డిస్ట్రిబ్యూటర్ పంపే థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్‌కీ మందుకీ మధ్య ఒక అట్ట ముక్క అడ్డం పెడతారు. ఒకసారి కొత్త కుర్రాడెవరో ఆ అట్ట పెట్టకుండా పంపాడు. పెట్టె విప్పితే ఒక ఇన్సులిన్ పెన్ ఐస్‌ప్యాక్‌కి అతుక్కుపోయి ఉంది, పట్టుకుని ఊపితే లోపల కదల్లేదు, గడ్డకట్టింది. కరిగాక చూస్తే నీళ్లలా తేటగానే ఉంది, ఎవరికిచ్చినా తెలియదు. వెనక్కి పంపేశాను. ఈ ఇంజెక్షన్లూ అంతే, ఒకసారి గడ్డకట్టిన మందు ఇక పనికిరాదు, కరిగినా సరే. వేడెక్కినా తంటాయే. మీ నల్గొండ జిల్లా ఎండ సంగతి మీకు నేను చెప్పాలా, మే నెలలో కొరియర్ బండిలో ఆ పెట్టె ఎన్ని గంటలు ఉంటుందో ముందే అడగండి. వేడిగా వస్తే వెనక్కి తీసుకుంటారా అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి.

ఇంకొకటి. పెన్ కాకుండా వయల్ తీసుకుంటే సిరంజి మీరే కొనాలి. మన దగ్గర ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు, 40 యూనిట్లది ఎర్ర మూత, 100 యూనిట్లది నారింజ రంగు మూత. అర ఎం.ఎల్. మందు 100 దాంట్లో 50 గీత దగ్గరకి వస్తుంది, 40 దాంట్లో 20 గీత దగ్గరకే వస్తుంది. ఎవరో ఫోన్‌లో "ఇన్ని యూనిట్లు" అని చెప్తే ఏ సిరంజిలో అని అడగకుండా వేసుకోవద్దు.

కూకట్‌పల్లి_కిరణ్

అక్కా, నేను రెండు ఆన్‌లైన్ క్లినిక్‌లు చూశాను, ఒకటి చేదు, ఒకటి పర్వాలేదు. పేర్లు ఇక్కడ పెట్టను, జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

మొదటి దాంట్లో ఒక ఫారం నింపమన్నారు. ఎత్తు, బరువు, వేరే జబ్బులు ఉన్నాయా, అంతే. ఆ ఫారంలో నేను గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడుతున్నానని కూడా రాశాను. డబ్బు కట్టిన నాలుగు నిమిషాలకి ప్రిస్క్రిప్షన్ పీడీఎఫ్ వచ్చింది. నాలుగు నిమిషాలు! ఎవరూ ఫోన్ చేయలేదు, మొహం చూడలేదు. అప్పుడు నాకు సంతోషమేసింది, ఎంత సులువుగా అయిపోయిందో అనుకున్నాను. తర్వాత తీరిగ్గా చూస్తే దాని మీద డాక్టర్ పేరు కింద ఒక గీతలాంటి సంతకం తప్ప రిజిస్ట్రేషన్ నంబర్ లేదు.

మందు మూడో రోజు వచ్చింది. అది మే నెల. పెట్టె విప్పితే ఐస్ ప్యాక్ మొత్తం కరిగిపోయి, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, స్నానం నీళ్లలాగా. కస్టమర్ కేర్‌కి రాస్తే "ప్యాక్ కరగడం సాధారణం, మందు వాడవచ్చు" అని ఒకే వాక్యం మూడుసార్లు వచ్చింది. మనిషి కాదు, మెషీన్ రాస్తోందని అప్పుడర్థమైంది. నేను తప్పు చేశాను, డబ్బు పోతుందని వేసుకున్నాను. రెండో వారం రాత్రి ఒంటి గంటకి చెమటలు పట్టేసి, చేతులు వణికి, కళ్లు తిరిగాయి. మా ఆవిడ గ్లూకోమీటర్‌తో చూస్తే షుగర్ 54. పంచదార నీళ్లు తాగించి కూర్చోబెట్టింది. ఆ యాప్‌లో "అత్యవసరం" అనే బటన్ నొక్కితే పొద్దున తొమ్మిది తర్వాత మాట్లాడతామని వచ్చింది.

తర్వాత మా కాలనీ డాక్టర్ గారికి చూపిస్తే తల పట్టుకున్నారు. గ్లిమిపిరైడ్ మీద ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టేటప్పుడు ఆ మాత్ర తగ్గించాలా ఆపాలా అని చూడాలట, లేకపోతే షుగర్ పడిపోతుందట. నేను ఫారంలో రాశాను కదా అంటే, "రాస్తే సరిపోదు, చదివేవాళ్లుండాలి" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండో చోట మొదటి వీడియో కాల్ పాతిక నిమిషాలు. డాక్టరమ్మ ముందు అడిగింది బరువు గురించి కాదు, మా ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, నాకెప్పుడైనా పాంక్రియాస్ (క్లోమం) వాపు వచ్చిందా, మద్యం తాగుతానా, కంటి పరీక్ష ఎప్పుడు చేయించాను అని. కిడ్నీల పని చూపే క్రియాటినిన్, లివర్ పరీక్ష, మూడు నెలల షుగర్ చేయించుకుని రమ్మంది, ఆ రిపోర్టులు చూశాకే రాసింది. గ్లిమిపిరైడ్ ఆపించింది. రెండు నెలల తర్వాత నేనే డోసు పెంచమని అడిగితే పెంచలేదు. "ఈ డోసుతోనే తగ్గుతున్నారు, ఇంకా కడుపు సర్దుకోలేదు, ఇప్పుడెందుకు" అంది. పెద్ద డోసు అమ్మితే వాళ్లకి డబ్బు ఎక్కువ కదా, అయినా వద్దంది. అప్పటి నుంచి నాకు నమ్మకం కుదిరింది.

అందుకే అక్కా, ఆ యాప్‌వాళ్ల మొదటి కాల్ ఎలా ఉంటుందో చూడండి. కన్సల్టేషన్‌కి మాత్రమే డబ్బు కట్టే వీలుందా అడగండి, మూడు నెలలది ఒకేసారి కట్టొద్దు. రెండో వారంలో వాంతులు ఆగక మానేయాల్సి వస్తే మిగతా డబ్బు సంగతేంటి? నాకు మొదటి చోట ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

మిర్యాలగూడ_టీచర్

కిరణ్ తమ్ముడూ, చదువుతుంటే భయమేసింది. మీరు బాగున్నారు, అదే చాలు.

షాపు బాబాయ్ గారూ, సిరంజి సంగతి అస్సలు తెలియదు, మా ఇంట్లో అత్తగారికి ఇన్సులిన్ వేసేది ఎర్ర మూతదే. నేనైతే ఆ డబ్బాలోంచే తీసుకునేదాన్ని.

ఒక సందేహం. థైరాయిడ్ క్యాన్సర్ అంటున్నారు కదా, నాకు థైరాయిడ్ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. అంటే నాకు ఈ మందే పనికిరాదా? ఇంకోటి, మా ఊరి డాక్టర్ గారికి చెప్పకుండా ఆన్‌లైన్‌లో తీసుకుంటే తప్పా? ఆయన ఏమంటారో అని మొహమాటం.

కరీంనగర్_ఫిజీషియన్

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. ఇక్కడ రాసేది మీకు చికిత్స కాదు, అడగాల్సినవి మీకు తెలియాలని రాస్తున్నాను.

థైరాయిడ్ తక్కువగా పనిచేయడం వేరు, ఈ మందుల సమాచార కాగితంలో హెచ్చరికగా రాసే మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వేరు. అది అరుదైనది, కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. మీకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ అది ఉంటే ఈ మందులు వాడకూడదు. మీలాగా రోజూ మాత్ర వేసుకునే హైపోథైరాయిడ్ ఉన్నవాళ్లకి అంతమాత్రాన ఈ మందు వాడకూడదని కాదు. కాకపోతే బరువు తగ్గేకొద్దీ మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు, అందుకని టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష మధ్యమధ్యలో చూపించుకోవాలి. మీ లెక్కల ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 34 దాటింది. ఈ మందులు 30 దాటినవాళ్లకి, లేదా 27 దాటి బీపీ, షుగర్ లాంటి ఇంకో సమస్య ఉన్నవాళ్లకి ఇస్తారు. కాబట్టి మీరు అడగడంలో తప్పు లేదు, సిగ్గుపడాల్సిన పని అంతకన్నా లేదు.

ఇక మంచి ఆన్‌లైన్ డాక్టర్ ఎవరో ఎలా తెలుస్తుంది అంటే, 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఆన్‌లైన్‌లో రాసే ప్రతి ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండి తీరాలి. జ్వరం మాత్రల్లాంటి మామూలు మందులు తప్ప మిగతావి మొదటిసారి రాయాలంటే కనీసం వీడియోలో పేషెంట్‌ని చూడాలి, కొన్నిటికి అది కూడా చాలదు. కంప్యూటర్ ప్రోగ్రామ్ తనంతట తాను మందు రాయకూడదు. కిరణ్ గారికి నాలుగు నిమిషాల్లో వచ్చిన కాగితం ఈ లెక్కన ప్రిస్క్రిప్షనే కాదు. మీకు ఇచ్చే నంబర్‌ని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లోనో, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ సైట్‌లోనో కొట్టి చూడండి. పేరు, చదువు కనిపిస్తాయి. నంబర్ అడిగితే నొచ్చుకునే డాక్టర్ దగ్గరకి వెళ్లకండి. నన్ను పేషెంట్లు అడిగితే నేను చెప్తాను, అది మీ హక్కు.

మీ వయసు 36 కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఆన్‌లైన్ ఫారాల్లో ఇది ఉండదు. గర్భం వచ్చే అవకాశం ఉంటే, లేదా పిల్లల కోసం చూస్తుంటే, డాక్టర్‌కి ముందే చెప్పండి. గర్భంలో ఈ మందులు వాడరు, సెమాగ్లూటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందే ఆపాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మళ్లీ నాలుగు వారాలు, ఆ మాత్ర సరిగ్గా పని చేయకపోవచ్చు, వేరే జాగ్రత్త తీసుకోవాలి. మీతో ఈ మాట ఎత్తని డాక్టర్ మీ కేసు చదవలేదని అర్థం.

డోసు నెమ్మదిగా పెంచుతారు. సెమాగ్లూటైడ్ 0.25తో నాలుగు వారాలు, టిర్జెపటైడ్ 2.5తో నాలుగు వారాలు, అది కడుపు అలవాటు పడడానికి. "మొదటి వారం నుంచే పెద్ద డోసు, త్వరగా తగ్గుతారు" అనేవాళ్లు వైద్యం చేయడం లేదు. వికారం, మలబద్ధకం చాలామందికి వస్తాయి, సర్దుకుంటాయి. పైకడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకుతూ తగ్గకపోతే మాత్రం యాప్‌లో మెసేజ్ పెట్టి కూర్చోకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి, అది పాంక్రియాస్ కావచ్చు. పిత్తాశయంలో రాళ్ల సమస్య కూడా ఈ మందులతో పెరిగే అవకాశం ఉంది.

అందుకే మీ రెండో ప్రశ్నకి జవాబు, మీ ఊరి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆన్‌లైన్ డాక్టర్ మీ పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేరు. అర్ధరాత్రి నొప్పి వస్తే మీరు పరిగెత్తేది ఆయన దగ్గరకే, అప్పుడు ఆయనకి మీరేం వాడుతున్నారో తెలిసి ఉండాలి. మొహమాటం వద్దు, తిడితే ఒక నిమిషం తిడతారు.

ఇంకో గుర్తు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, ఫలానా మందుతో నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల జాబితా ఉంది, స్థూలకాయం అందులో ఉంది. కాబట్టి "నెలకి పది కిలోలు గ్యారంటీ" అని ఫలానా మందు పేరుతో రీల్ పెట్టినవాడు మొదటి అడుగులోనే చట్టం దాటాడు. మందు దాచే దగ్గర, బిల్లు ఇచ్చే దగ్గర మాత్రం చట్టం పాటిస్తాడని ఎందుకు నమ్మాలి?

ఫ్రిస్కో_లక్ష్మి

టెక్సస్ నుంచి రాస్తున్నాను. ఇండియాలో ఉన్న మా చుట్టాలు ఈ ఏడాది నన్ను ముగ్గురు అడిగారు, "వచ్చేటప్పుడు రెండు పెన్నులు పట్టుకురా" అని. ఎవరూ ఏమీ అనుకోవద్దు, నేను తేను. ఇరవై గంటల ప్రయాణంలో దాన్ని ఎలా చల్లగా ఉంచాలి, దారిలో పాడైతే ఎవరికి తెలుస్తుంది, పైగా నా పేరు మీద రాసిన మందు వేరేవాళ్లకి ఇవ్వడం ఇక్కడ నేరం.

అమెరికాలో అంతా పద్ధతిగా ఉంటుందనుకోకండి. కంపెనీ మందులకి కొరత ఉన్నప్పుడు కాంపౌండింగ్ ఫార్మసీలు సొంతంగా కలిపి అమ్మాయి. టిర్జెపటైడ్ కొరత తీరిందని ఇక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 చివర్లో, సెమాగ్లూటైడ్‌ది 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అయినా ఇంకా ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతూనే ఉన్నాయి. 2024 జులైలో ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక పెట్టింది. వయల్‌లోంచి సిరంజితో తీసుకునేటప్పుడు లెక్క తప్పి కొంతమంది వేసుకోవాల్సిన దానికన్నా 5 నుంచి 20 రెట్లు వేసుకుని ఆసుపత్రుల్లో చేరారని. షాపు బాబాయ్ గారు చెప్పిన సిరంజి గీతల సంగతి ఎంత పెద్దదో అది చదివితే తెలుస్తుంది. నకిలీల విషయమైతే డబ్ల్యూహెచ్‌ఓ 2024 జూన్‌లోనే సెమాగ్లూటైడ్ ఉండే ఒజెంపిక్ అనే ఇంజెక్షన్ నకిలీ బ్యాచ్‌ల గురించి హెచ్చరించింది, అవి బ్రెజిల్, బ్రిటన్, అమెరికా మూడు చోట్లా దొరికాయి. "ఫారిన్ మాల్" అంటే మంచిదని మనవాళ్లకి ఉన్న నమ్మకం దగ్గరే దెబ్బ తింటారు.

ఇక్కడ ఉండి ఇది చదివేవాళ్లెవరైనా ఉంటే, మందు కొనే సైట్ మీ రాష్ట్రం బోర్డ్ ఆఫ్ ఫార్మసీ లైసెన్స్ ఉన్నదేనా చూసుకోండి, ఆ బోర్డు సైట్‌లోనే వెతకొచ్చు. ఇంకో ముఖ్యమైన మాట, "రీసెర్చ్ కోసం మాత్రమే" అని రాసి పొడి రూపంలో అమ్మే సీసాల జోలికి వెళ్లకండి. రెటాట్రుటైడ్ అని ఒకటి, ఇంకా అనుమతే రాకముందు నుంచి అమ్ముతున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి అది తెప్పించుకుని తనే నీళ్లు కలుపుకుంది. ఇరవై ఆరేళ్లు, పెళ్లికి నెల ముందు. నాలుగు రోజులు ఏమీ తినలేక వాంతులతో ఉంటే నేనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. డాక్టర్ "ఏం తీసుకున్నావు, ఎంత తీసుకున్నావు" అని అడిగితే ఆ సీసా చూపించింది. దాని మీద మూడు అక్షరాలు, ఒక అంకె తప్ప ఇంకేమీ లేవు. ఆయనకి ఏం చెప్పాలో తనకి తెలియదు, నాకూ తెలియదు.

గుంటూరు_మందుల_షాపు

లక్ష్మిగారు చెప్పింది చూశాక ఒకటి గుర్తొచ్చింది. కొందరు డబ్బు మిగులుతుందని పెద్ద డోసు వయల్ ఒకటి కొని రెండు మూడు వారాలకి పంచుకుంటున్నారు, ఆన్‌లైన్‌లో అలా ఎలా చేయాలో చెప్పే వీడియోలు కూడా ఉన్నాయి. టిర్జెపటైడ్ వయల్ ఒక్కసారికే. అందులో క్రిములు పెరగకుండా ఆపే మందు కలపరు. ఒకసారి సూది గుచ్చాక మిగిలింది పారేయాల్సిందే. మీకు ఏ ప్యాకేజీవాళ్లయినా "ఒక వయల్ రెండు వారాలు వాడుకోండి" అని చెప్తే, ఇక వాళ్లతో మాట్లాడాల్సిన పని లేదు.

నకిలీ అని అనుమానం వస్తే పెట్టె పారేయకండమ్మా. అట్ట, సీసా, బిల్లు అన్నీ కవర్లో పెట్టి మీ తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కి చెప్పండి, వాళ్లకి టోల్‌ఫ్రీ నంబర్ ఉంది, వాళ్ల సైట్‌లో దొరుకుతుంది. జిల్లాలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఉంటారు. మాలాంటి షాపులవాళ్లం కూడా అనుమానం వస్తే అక్కడికే వెళ్తాం.

మిర్యాలగూడ_టీచర్

అందరికీ ఏం చెప్పాలో తెలియడం లేదు. పది రోజులైంది, ఏం చేశానో రాస్తున్నాను.

వాట్సాప్ ఆయన్ని బ్లాక్ చేసే ముందు ఒక్కసారి అడిగాను, "బిల్లు ఇస్తారా, లైసెన్స్ నంబర్ ఎంత" అని. చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి. ఐదు నిమిషాల తర్వాత చూస్తే ఆయన ఫోటో కనిపించలేదు, తనే నన్ను బ్లాక్ చేశాడు. పంపిన ఇరవై ఫోటోల్లో ఒకటి మా పిల్లకి చూపిస్తే, ఇంటర్నెట్‌లో వెతికి అదే ఫోటో వేరే దేశం జిమ్ సైట్‌లో ఉందని తీసి చూపించింది. పన్నెండేళ్ల పిల్ల. నేను ఆరు వేలు పంపడానికి సిద్ధంగా ఉన్నాను ఆ రోజు.

యాప్‌వాళ్లకి షాపు బాబాయ్ గారు చెప్పినవన్నీ ఒక మెసేజ్‌లో రాసి పంపాను. మర్నాడు ఒకమ్మాయి ఫోన్ చేసి, మందు పంపే షాపు పేరు, అది హైదరాబాద్‌లో ఎక్కడుందో, లైసెన్స్ నంబర్లు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ అన్నీ చెప్పింది. వేడెక్కి వస్తే మార్చి ఇస్తామని మెయిల్ పెట్టింది. రిజిస్టర్‌లో చూశాను, డాక్టర్ పేరు ఉంది, ఎండీ అని ఉంది. మూడు నెలల ప్యాకేజీ వద్దు, ముందు కన్సల్టేషన్ ఒక్కటే అంటే కాసేపు నచ్చజెప్పింది కానీ చివరికి ఒప్పుకుంది.

మా ఊరి డాక్టర్ గారికి కూడా చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "రిపోర్టులు నాకూ ఒక కాపీ ఇవ్వు" అని మాత్రం అన్నారు.

శనివారం స్కూలు అయ్యాక నాలుగింటికి వీడియో కాల్. అరగంట మాట్లాడారు. గర్భం సంగతి, మాత్రల సంగతి ఆవిడే ముందు అడిగారు. నూనె వంటలు తిన్న రాత్రి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తుంటుంది నాకు, గ్యాస్ అనుకుని ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఏదో మాటల్లో అది చెప్తే ఆవిడ ఆగి, ఎన్నాళ్ల నుంచి, ఎంతసేపు ఉంటుంది, వీపులోకి వస్తుందా అని వరసగా అడిగారు. పొట్ట స్కాన్ తీయించి రాళ్లు లేవని చూశాకే మందు రాస్తానన్నారు. ఈసారికి ప్రిస్క్రిప్షన్ ఇవ్వలేదు.

ఖాళీ చేతులతో కాల్ అయిపోయినా ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. స్కాన్ బుధవారం, మా ఊళ్లోనే. ఫ్రిజ్‌లో మధ్య అర ఒకటి ఖాళీ చేసి పెట్టాను, వెనక గోడకి తగలకుండా ఒక చిన్న స్టీలు డబ్బా కూడా పెట్టాను. ఎర్ర మూత సిరంజిల డబ్బా మీద పెద్ద అక్షరాలతో "అత్తయ్యవి" అని రాశాను. రిపోర్టు వచ్చాక మళ్లీ రాస్తాను.